బతికుండగానే దండ పడ్డ అత్త

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం దబీర్‌పురా నుంచి మామ ఫోన్ చేశాడు. "మీ అత్త పోయింది బేటా" అన్నాడు. పొద్దున చాయ్ తాగి, వంటింట్లో పీట మీద కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అలాగే గోడకు ఆనుకుందట. ఆయన గొంతులో ఏడుపు లేదు. "పిలిస్తే పలకలే" అని మాత్రం మళ్లీ మళ్లీ అన్నాడు.

అప్పుడు నేను ఉప్పుగూడలో మా చింతపండు దుకాణంలో ఉన్నాను. మా బాపును పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోదామని వచ్చాను. అక్క పోయిందని తమ్ముడికి చెప్పాలి కాబట్టి చెప్పాను. ఆయన త్రాసు మీది నుంచి చూపు ఎత్తకుండా, "ఆమె ఎప్పుడో పోయింది గదరా" అన్నాడు.

వినేవాళ్లకు ఇది రాతిగుండె మాటలా ఉంటుంది. కానీ మా ఇంటి లెక్క ప్రకారం అందులో అబద్ధం లేదు. మా అత్త ఆ ఇంట్లో నలభై ఏళ్లకు పైగా చనిపోయి ఉంది. ఆ ఇంటి నుంచి నాలుగు సందులు, ఒక రైలుపట్టా అవతల అన్నేళ్లూ బతికి ఉంది కూడా. రెండూ ఎలా కుదిరాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా హాల్లో తాతల ఫోటోల వరస ఉండేది. అందరూ తలపాగాలు, మీసాల ముసలివాళ్లు. ఆ వరస చివర ఒక అమ్మాయి. రెండు జడలు, నల్ల రిబ్బన్లు, ఎడమ కంటి కింద పుట్టుమచ్చ, ఫోటో చుట్టూ గంధపు చెక్కల దండ. మిగతా ఫోటోల్లో మనుషులు ఎటూ చూడరు. ఆమె మాత్రం ఎవరో పిలిస్తే అప్పుడే తల తిప్పినట్టు ఉండేది. హాల్లో ఏ మూల కూచుని హోంవర్క్ చేసుకున్నా ఆ చూపు నా పుస్తకం మీద పడేది. జ్వరం వచ్చి పోయిందని మాకు చెప్పారు. ఏ జ్వరం అని అడిగితే బాపు ఒక పేరు చెప్పాడు, పెదతాత ఇంకో పేరు చెప్పాడు. దీపాలు పెట్టే వేళ ఆమె పేరు ఎత్తకూడదు. ఎత్తితే వస్తుందనేవాళ్లు.

పెత్రమాస నాడు పోయినవాళ్ల పేరున డాబా మీద విస్తళ్లు పెట్టేవాళ్లు. మా బాపమ్మ, అంటే బాపు తల్లి, అత్త విస్తరిలో సర్వపిండి వేసేది. అది ఆమెకు ఇష్టమట. కాకులు వచ్చి తాతల విస్తళ్లు చెల్లాచెదురు చేసి పోయేవి. అత్త విస్తరిని ఒక్క కాకీ ముట్టేది కాదు. సాయంత్రానికి సర్వపిండి ఎండి బిగుసుకుపోయేది. ఏదో కోరిక తీరకుండా పోయిందని ఇరుగుపొరుగు అనేవాళ్లు. బాపమ్మ మాత్రం విస్తరి మడిచి లోపలికి తెచ్చుకునేది.

బాపమ్మ గురించి ఇంకొకటి చెప్పాలి. మధ్యాహ్నం మగవాళ్లు దుకాణానికి పోయాక ఆమె హాల్లో ఫోన్ దగ్గర కూచునేది. ఆ రోజుల్లో ఎవరిదైనా నంబరు తెలియకపోతే టెలిఫోన్ ఎంక్వైరీకి చేసి అడిగేవాళ్లు. ఆమె చేసేది, అవతలి గొంతు విని పెట్టేసేది. మళ్లీ చేసేది, పెట్టేసేది. ఒక్కోసారి మాత్రం పెట్టేది కాదు. అప్పుడు వెన్ను నిటారుగా చేసుకుని, మా బాపు పేరు చెప్పి, ఉప్పుగూడలో ఫలానా దుకాణం అని చెప్పి, వాళ్ల ఇంటి నంబరు కావాలని అడిగేది. సొంత ఇంటి నంబరు. తన చేతిలో ఉన్న ఆ ఫోన్‌దే. అవతల ఎవరో అంకెలు చెబుతుంటే ఈమె పెదాలు కూడా కదిలేవి. రిసీవర్ పెట్టేసి, దండ ఉన్న ఫోటో వైపు ఒకసారి చూసి, కొంగుతో కళ్లు అద్దుకునేది. బాపమ్మ చచ్చినవాళ్లతో మాట్లాడుతుందని నేను అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, భయపడ్డాను. ఒకరకంగా నేను అనుకున్నదే సరి అని తర్వాత తెలిసింది.

నేను పదో తరగతిలో ఉండగా బాపమ్మ పోయింది. డిగ్రీ రెండో ఏడులో నేను అత్తను చూశాను.

యాకుత్‌పురా స్టేషన్‌లో, మిట్టమధ్యాహ్నం. ప్లాట్‌ఫారం అంతా తెల్లటి ఎండ. రైలు ఆలస్యమని జనం ఎక్కడెక్కడి నీడకో పోయారు. చివరి సిమెంటు బెంచీ మీద ఒక నడివయసు ఆమె కూచుని ఉంది. లేత రంగు నూలు చీర, బొట్టు, పాపిట్లో నెరుపు. ఆమె తల తిప్పింది. ఎడమ కంటి కింద పుట్టుమచ్చ. ఆ తల తిప్పడం నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. పరిగెత్తాలనుకుని కూడా ఆమెనే చూస్తూ నిలబడ్డాను. ఫోటోలో అమ్మాయికి అన్నేళ్లూ గోడ మీదే వయసు పెరిగి, దిగి వచ్చినట్టుంది.

ఆమే లేచి నా దగ్గరికి వచ్చింది.

"ఉప్పుగూడ చింతపండోళ్ల పిలగానివా? నీ నడక మా తమ్మునిది."

ఆమె నా ముఖం చూసి చీర కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుంది. దయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా.

"కాళ్లు చూస్కో. సక్కగనే ఉన్నయ్" అంది.

తర్వాత చెయ్యి చాపింది, ముట్టుకోమని. ముట్టుకున్నాను. ఎండలో కూచున్న చెయ్యి కదా, కాలిపోతోంది.

అలా నాకు దబీర్‌పురా ఇల్లు తెలిసింది. ఇరుకు సందులో నీలం తలుపు, లోపల చిన్న వాకిలి, నల్లా, పైన ఒక గది. మామ సర్కారు బడిలో డ్రాయింగ్ మాస్టారు, అప్పటికి ఇంకా రిటైర్ కాలేదు. ముస్లిం. పెళ్లి కోసం ఆమె మతం మారలేదు, ఆయనా మారలేదు. ఇద్దరూ మతంతో పని లేని చట్టం కింద రిజిస్ట్రారు ముందు పెళ్లి చేసుకున్నారు. ఆ చట్టంలో ఒక మెలిక ఉంది. ఫలానావాళ్లు పెళ్లాడబోతున్నారు, అభ్యంతరం ఉంటే చెప్పండి అని నెల రోజుల ముందు ఆఫీసు గోడకు నోటీసు అంటిస్తారు. మా దుకాణానికి వచ్చే మనిషి ఒకడు అది చూశాడు. ఇంట్లో గొడవ మొదలైంది. అప్పటికే ఆమెకు టెలిఫోన్ శాఖలో ఉద్యోగం. స్నేహితురాలి ఇంట్లో ఉండి నెల గడిపింది.

ఆ పెళ్లి రోజు గురించి ఆమె నాకు ఒక్కసారే చెప్పింది. సంతకాలు అయ్యాక మామ వద్దన్నా వినకుండా మిఠాయి పెట్టె పట్టుకుని తల్లి దగ్గరికి ఉప్పుగూడ వెళ్లిందట. గుమ్మం ముందు పగిలిన కుండ పెంకులు ఉన్నాయి. హాల్లో తన ఫోటో, ఫోటో ముందు దీపం, చుట్టూ చుట్టాలు. బతికున్న మనిషిని చచ్చినట్టే లెక్కగట్టి కర్మ చేసే పద్ధతి ఒకటి ఉంది. దాని పేరు ఘటశ్రాద్ధం, అందులో ఆ మనిషి పేరున కుండ పగలగొడతారు. ఆమె రిజిస్టరులో సంతకం పెడుతున్న వేళకే ఇక్కడ ఆ పని చేసేశారు. ఆమె తన చావింటికి తనే మిఠాయి పట్టుకుని వెళ్లింది.

"నన్ను ఎవ్వరు తిట్టలే అల్లుడా. తిట్టినా బాగుండు. మా అమ్మ నా దిక్కు చూసింది, చూసి నా ఎనుక ఉన్న తలుపును చూసింది. నడుమ నేను లేనట్టు. నేను తానం పోసి పెంచిన మా తమ్ముడు నా పక్కకెల్లి నీళ్లచెంబు పట్టుకొని పోయిండు. నాకే అనుమానమొచ్చింది, నేను వచ్చిన్నా, రాలేదా అని."

మిఠాయి పెట్టె గడప మీద పెట్టి వచ్చేసిందట. ఆ అనుమానం మాత్రం పూర్తిగా పోలేదు. సొంత ఇంట్లోకి అడుగు పెట్టేటప్పుడు కూడా గుమ్మంలో ఆగి "నేనొచ్చిన" అనేది. లోపలి నుంచి ఎవరో ఒకరు పలికేదాకా కదిలేది కాదు. మామ ఇంట్లో లేకపోతే పక్కింటి వాళ్లయినా పలకాలి. బజారులో ఎవరైనా తనను చూడకుండా పక్క నుంచి పోతే ఆమె ముఖం పాలిపోయేది. చేత్తో తన మోచెయ్యి తానే పట్టుకుని నిలబడేది. మాట్లాడుతున్నప్పుడు ఎదుటివాళ్ల చెయ్యి ముట్టుకోకుండా మాట్లాడేది కాదు.

బాపమ్మ ఫోన్ సంగతి నేను చెప్పినప్పుడు మిగతా సగం అత్త చెప్పింది. ఆ ఎంక్వైరీలో కూచునేది ఈమే. హెడ్‌ఫోన్‌లో మొదటిసారి తల్లి గొంతు విన్నప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడిందట. తల్లి సొంత ఇంటి నంబరు అడిగింది. ఈమె చెప్పింది. అంతే. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అది సాగింది. ఈమె అమ్మా అని ఒక్కసారీ అనలేదు. తల్లి బిడ్డా అనలేదు. "అంటే మా అమ్మ ఫోన్ చేసుడు బంద్ చేస్తదని భయం. చచ్చినోళ్లు జవాబిస్తే ఎవరైన భయపడ్తరు గద" అంది అత్త. అందుకే అంకెలు ఒక్కొక్కటి ఆపి ఆపి చెప్పేదట, ఎంతసేపు వీలైతే అంతసేపు. ఒక ఏడు ఉన్నట్టుండి ఫోన్లు రావడం ఆగిపోయింది. తల్లి పోయిందని ఆమెకు ఎవరూ కబురు చేయలేదు. ఆగిపోయిన ఫోన్లే కబురు.

నా సంగతి ఆమెకు నేను చెప్పలేదు, ఆమే కనిపెట్టింది. ఉద్యోగంలో చేరాక నాకు ఒక మనిషి పరిచయమయ్యాడు. కోస్తా వాడు, తండ్రి గవర్నమెంటు ఉద్యోగానికి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మేమిద్దరం ఒక ఇంట్లో ఉండటం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఇంటి ఓనర్లకు స్నేహితులమని చెబుతాం. ఒకసారి అతన్ని దబీర్‌పురా తీసుకెళ్లాను. అతను "నమస్కారం అత్తయ్యగారూ" అని కూచుని, ఆమె పెట్టింది తిని, చేతులు కడుక్కోవడానికి వాకిట్లోకి పోయాడు. అత్త నా చెయ్యి పట్టుకుని, "వీడేనా?" అంది. నేను తల ఊపాను. ఆమె ఆశ్చర్యపోలేదు. అతన్ని ఏ వరస పెట్టి పిలవాలన్న ఒక్క సంగతే ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. అల్లుడి మొగుడికి మన భాషలో వరస లేదు. నాలుగైదు వరసలు అని చూసింది, ఏదీ అతకలేదు. "దొరికేదాంక పేరు పెట్టి పిలుస్తలే" అంది అతనితో.

ఆ తర్వాత నాకు కడుపులో ఆపరేషన్ పడింది. ఆస్పత్రిలో సంతకం పెట్టడానికి రక్తసంబంధం ఉన్నవాళ్లు కావాలన్నారు. నన్ను మోసుకొచ్చినవాడు, నా మందుల పేర్లన్నీ తెలిసినవాడు పక్కనే నిలబడి ఉన్నాడు. మీరేమవుతారని అడిగితే స్నేహితుణ్నని చెప్పాడు. కాసేపు బయట కూచోమన్నారు. మా ఇంట్లో అతని సంగతి తెలియదు, వాళ్లకు చెప్పే పరిస్థితి లేదు. అతను అత్తకు ఫోన్ చేశాడు. ఆమె ఆటోలో వచ్చి మేనత్తనని సంతకం పెట్టింది. నన్ను లోపలికి తీసుకుపోతుంటే తలుపు సందులోంచి వాళ్లిద్దరూ కనిపించారు. మా ఇంట్లో దండ వేసి ఉన్న మనిషి నా ప్రాణానికి పూచీ పడుతోంది. నాతో ఒకే పళ్లెంలో తినేవాడు గోడవారగా నిలబడి ఉన్నాడు, అక్కడ ఎవరూ లేనట్టు నర్సులు అతని పక్క నుంచి పోతున్నారు. అత్త అది చూసింది. నాకు తెలివి వచ్చాక చెప్పిన మాట ఇది: "నేను ఇంట్ల చచ్చి బయట బతికిన. నాకు చట్టం ఉండె. మీకు బయటనే బతుకు లేదు గదరా."

సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజు మేం నలుగురం ఆ ఇంట్లోనే ఉన్నాం. మాలాంటివాళ్లు కోర్టును అడిగింది కొత్త చట్టమేమీ కాదు. అత్తా మామల పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో, దాంట్లోనే మాకూ చోటివ్వమని. పెళ్లి ప్రాథమిక హక్కు కాదు, చట్టం మార్చాలంటే పార్లమెంటు మార్చుకోవాలి అని కోర్టు తేల్చింది. నా సహచరుడు చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. మామ టీవీ పెట్టాడు. ఏదో చానల్లో చర్చ నడుస్తోంది, పెద్దాయన ఒకాయన మాట్లాడుతున్నాడు.

అత్త టీవీ వైపు చూడటం లేదు. కింద కూచుని అడకత్తెరతో పోకచెక్కలు కత్తిరిస్తోంది. "ఇప్పుడు సమాజం ఇంక తయారు కాలేదంటడు" అంది. టీవీలో ఆయన సమాజం ఇంకా సిద్ధంగా లేదన్నాడు. "ఇది బయటికెల్లి వచ్చిన రోగమంటడు" అంది. ఆయన ఇది మన సంస్కృతి కాదు, బయటి నుంచి వచ్చిందన్నాడు. నా సహచరుడు కిటికీ దగ్గరి నుంచి వెనక్కి తిరిగాడు. ఆమె గొంతు పెంచకుండా, కత్తెర ఆపకుండా, ఆయన నోట్లోంచి రాకముందే ఒక్కొక్క మాటా చెబుతోంది. సృష్టికి విరుద్ధం. ఆమె అన్నాక ఆయన అన్నాడు. పిల్లల గతేమిటి. ఆమె అన్నాక ఆయన అన్నాడు. ఆ గదిలో ఎవరు ఎవరికి మాటలు అందిస్తున్నారో తెలియలేదు.

"ఇగ చివరికి, మాకు వాళ్ల మీద కోపం లేదంటడు" అంది.

ఆయన చేతులు జోడించి, వాళ్ల మీద నాకు ద్వేషం లేదండీ అన్నాడు.

"మా పెదనాయిన గూడ గట్లనే అన్నడు. కోపం లేదన్నంకనే కుండ తెప్పించిండు" అంది అత్త.

మామ టీవీ కట్టేశాడు. ఉర్దూ పేపర్లో ఎప్పుడో చదివింది ఒకటి చెప్పాడు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో నల్లవాళ్లు తెల్లవాళ్లను పెళ్లాడటం నేరంగా ఉండేదట. పెళ్లి చేసుకుని పడుకున్న ఒక జంటను పోలీసులు వచ్చి పక్క మీంచి లేపి తీసుకుపోయారట. దేవుడు ఒక్కో రంగు మనుషులను ఒక్కో ఖండంలో పెట్టాడు, కలవమని కాదు అని అక్కడి జడ్జి ఒకాయన రాశాడట. తర్వాత పెద్ద కోర్టు దాన్ని కొట్టేసిందట. ఇప్పుడు అక్కడ అలాంటి జంటను చూసి ఎవరూ తల కూడా తిప్పరని మామ అన్నాడు. తిప్పేవాళ్లు ఇంకా ఉంటారని నా సహచరుడు అన్నాడు.

అత్త కత్తెర కింద పెట్టింది. "మా ఇంటికి, ఈయన ఇంటికి నడుమ ఖండం గూడ లేదు. ఒక రైలు గేటు. దానికే నన్ను చంపిన్రు" అంది. నా సహచరుడి వైపు తిరిగి, "మాకు పిల్లలు కాలే. మా పెండ్లి చెల్లలేదని ఎవరన్న అన్నరా? ఆ చట్టంల జాగ మస్తుంది. జర జరిగి కూసుంటే అందరు పడ్తరు" అంది. నా సహచరుడు ఆమె పక్కన నేల మీద కూచున్నాడు. ఆమె అతని చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుని, మళ్లీ పోకచెక్కలు కత్తిరించింది.

ఆ తీర్పు తర్వాతే నేను ఇంట్లో చెప్పాను. సంబంధాలు చూస్తామని అమ్మ వెంటపడటం ఆపలేదు, ఇంక దాచడం నాకు చేతకాలేదు. బాపు విన్నాడు. అరవలేదు, నన్ను పొమ్మనలేదు. లేచి దుకాణానికి వెళ్లిపోయాడు. వారం తర్వాత ఇంటికి వెళితే ఎవరూ ఏమీ ఎత్తలేదు, అన్నం పెట్టారు. తిని హాల్లోకి వచ్చి తలెత్తితే అత్త ఫోటో పక్కన గోడకు కొత్త మేకు కొట్టి ఉంది. దానికి ఏదీ తగిలించలేదు. సున్నం పొడి ఇంకా నేల మీద ఉంది. అమ్మను చూశాను. ఆమె చీపురు తెచ్చి ఆ పొడి ఊడ్చి, నా ముఖం చూడకుండా లోపలికి పోయింది. అక్కడ నిలబడ్డంతసేపు ఆ మేకు కింద నా ముఖం ఎలా ఉంటుందో నాకు కనబడింది.

అత్తకు చెప్పాను. ఆమె పోకచెక్కల డబ్బా మూత పెట్టి, "మీ బాపు బువ్వకు ఎప్పుడొస్తడు?" అని అడిగింది.

మరునాడు మధ్యాహ్నం ఆమె ఉప్పుగూడ వచ్చింది. నేను ముందే వెళ్లి ఇంట్లో ఉన్నాను. బాపు అన్నం ముందు కూచున్నాడు. గుమ్మంలో "నేనొచ్చిన" అని వినబడింది. బాపు చెయ్యి అన్నంలో ఆగిపోయింది. ఆ గొంతు ఆ ఇంట్లో వినబడి నలభై ఏళ్లు దాటింది. నేను పలకబోయి బాపు వైపు చూశాను. మళ్లీ "నేనొచ్చిన" అని వినబడింది. ఎవరూ పలకకపోతే ఆమె అక్కడే సాయంత్రం దాకా నిలబడుతుందని నాకు తెలుసు.

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. అమ్మ ఆ ఇంటికి కోడలుగా వచ్చేనాటికే అత్తకు దండ పడింది. ఆనాటి నుంచి రోజూ ఆ ఫోటో ముందు దీపం పెట్టింది అమ్మే, నిజం ఎప్పుడు తెలిసిందో ఎవరితోనూ అనలేదు. గుమ్మంలో నెరిసిన జుట్టుతో నిలబడ్డ ఆ ముఖాన్ని చూసింది, గోడ మీది ముఖాన్ని చూసింది. చేతిలోని గరిటె కింద పెట్టింది. "రాండ్రి వదినె" అంది.

అత్త లోపలికి వచ్చింది. బాపు కళ్లు పళ్లెం మీదే ఉన్నాయి.

"తమ్మీ, నన్ను చూడకు, ఒద్దు. ఆ మేకు దిక్కు చూడు. నాకు దండ వేసిననాడు నువ్వు చిన్నోనివి, నీ చేతుల ఏం లేకుండె. ఈ మేకు నీ చేతిది."

బాపు అన్నంలోంచి చెయ్యి తీసి పళ్లెం అంచుకు తుడుచుకున్నాడు.

"పిలగాడు చచ్చేంత పని ఏం చేసిండు? నా లెక్కనే ఒక మనిషిని చూసుకున్నడు. గంతే. నాకు విస్తరేసి పెట్టినవ్, కాకి ముట్టలే. బతికున్నోళ్లకు పెడితే ఎట్ల ముడ్తదిరా? రేపు కొడుక్కు గూడ పెడ్తవా?"

ఆమె స్టూలు జరుపుకుని, నన్ను పట్టుకోనివ్వకుండా తానే ఎక్కి ఫోటో దించింది. దండ తీసి స్టూలు మీద పెట్టింది. "ఈ పిల్లను నేను తీస్కపోతున్న" అంది. రెండు జడల అమ్మాయిని చంకలో పెట్టుకుని తిరిగిన ఆ ముసలామెను చూస్తే, ఎవరు ఎవరిని ఇంటికి తీసుకుపోతున్నారో చెప్పలేకుండా ఉంది. గుమ్మం దగ్గర అమ్మ ఆమెను ఆపింది. కుంకుమ భరిణ తెచ్చి, దీపం పెట్టిన ఆ చేత్తోనే ఆమెకు బొట్టు పెట్టింది.

గోడ మీద ఫోటో ఉన్నచోట తెల్లటి మచ్చ మిగిలింది. కొన్ని రోజులకు నేను వెళ్లేసరికి దాని పక్కన మేకు లేదు. ఎవరు పీకారో అమ్మ చెప్పలేదు, బాపు చెప్పలేదు. ఆ ఏడు పెత్రమాసకు డాబా మీద ఒక విస్తరి తక్కువ వేశారు. అంతకు మించి ఏమీ జరగలేదు. బాపు దబీర్‌పురా వెళ్లలేదు, ఆమె మళ్లీ ఉప్పుగూడ రాలేదు. నా సహచరుడి పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కానీ నేను ఇంటికి పోతే నా ముఖం చూసి మాట్లాడుతున్నారు. అది ఆమె నాకు ఇచ్చి వెళ్లింది. దానికి నేను ఎప్పుడూ కృతజ్ఞతలు చెప్పలేదు, చెప్పనిచ్చే మనిషి కాదు.

తన చావు గురించి ఆమె మామకు ముందే చెప్పి పెట్టింది. "నాకు కర్మలన్ని ఎప్పుడో అయిపోయినయ్. మళ్లొకసారి ఒద్దు" అని. అందుకని కరెంటు దహనవాటికకు తీసుకెళ్లాం. పంతులు లేడు, కుండ లేదు. మామ పాత విద్యార్థులు కొందరు, ఆమెతో పనిచేసినవాళ్లు కొందరు, సందులోని ఆడవాళ్లు. పాడె మోసినవాళ్లలో నా సహచరుడు ఉన్నాడు. అతనెవరని ఎవరో మామను అడిగారు. "మా అల్లుడు. ఇద్దరు అల్లుళ్లు మాకు" అన్నాడు మామ.

అంతా మొదలవుతుండగా గేటు దగ్గర బాపు కనిపించాడు. దుకాణం షట్టరు దించి, ఆటోలో ఒక్కడే వచ్చాడు. దగ్గరికి రాలేదు. ఇనుప తలుపు మూసేటప్పుడు మాత్రం నాలుగు అడుగులు వేసి, ఆమె ముఖం చూశాడు. చాలాసేపు చూశాడు. తలుపు మూసేవాడు ఆయన కోసం ఆగాడు.

శ్మశానం నుంచి వచ్చినవాళ్లు స్నానం చేయకుండా ఇంటికి పోకూడదు. బాపు బయట ఎటు పోవాలో తెలియనట్టు నిలబడి ఉంటే మామ వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు. "మన ఇంట్లనే పోసుకో భాయ్, నీళ్లున్నయ్" అన్నాడు. బాపు ఎదురు చెప్పకుండా మా వెంట వచ్చాడు. ఆ నీలం తలుపు దాటడం అదే మొదటిసారి.

వాకిట్లో నల్లా పక్కన బండ మీద కూచున్నాడు. చొక్కా విప్పితే ఆయన వీపు ఎంత చిన్నదైపోయిందో నేను అప్పుడే చూశాను. నేను తువ్వాలు కోసం లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి నా సహచరుడు బకెట్లో చెంబు ముంచి ఆయన తల మీద పోస్తున్నాడు. బాపు కళ్లు మూసుకుని, మోకాళ్ల చుట్టూ చేతులు కట్టుకుని చిన్నపిల్లాడిలా ముడుచుకుని ఉన్నాడు. నీళ్లు ఆయన నెత్తి మీది నుంచి బండ మీదికి, బండ మీది నుంచి సందులోకి పోతున్నాయి.

"సల్లగున్నయ్ అక్కా" అన్నాడు బాపు, కళ్లు తెరవకుండానే. "జర వేడినీళ్లు కలుపు."

మామ గుమ్మంలో ఆగిపోయాడు. నా సహచరుడు నా వైపు చూశాడు. వంటింట్లోకి వెళ్లి పొయ్యి మీది వేడినీళ్ల గిన్నె దించుకొచ్చి, బకెట్లో కలిపి, వేలితో వేడి చూసి, నెమ్మదిగా మళ్లీ పోశాడు.